ఆర్బిట్రేటర్ జీతం పెంచేస్తే, శాలరీ క్యాప్ నిండిన హాకీ జట్టు ఏం చేస్తుంది?

మీరు అడిగింది ఇదీ: ఎన్‌హెచ్‌ఎల్‌లో, అంటే ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్‌లో, ప్రతి జట్టుకీ జీతాల మీద ఒక పరిమితి (శాలరీ క్యాప్) ఉంది. జీతం వివాదం తేల్చే మధ్యవర్తి, అంటే ఆర్బిట్రేటర్, ఒక ఆటగాడికి జట్టు అనుకున్నదానికంటే ఎక్కువ వేస్తే ఏమవుతుంది? తీర్పు చెప్పేవాడు జట్టు దగ్గర ఎంత మిగిలిందో చూడడా? కప్పు గెలిపించిన గోలీని (గోల్‌కీపర్‌ని) చికాగో ఇలాగే ఉత్తి పుణ్యానికి వదిలేసిందట, నిజమేనా?

ముందు జవాబు చెప్పేస్తాను. ఆర్బిట్రేటర్ క్యాప్‌లో ఎంత మిగిలిందో చూడడు, చూడకూడదు కూడా. లీగ్‌కీ ఆటగాళ్ల సంఘానికీ మధ్య ఉన్న ఒప్పందంలోనే ఆ మాట రాసి ఉంది. తీర్పు మింగుడు పడకపోతే కాదని వెళ్లిపోయే హక్కు జట్టుకి ఉంది, కానీ అది ఒక స్థాయి దాటిన జీతాలకే. ఆ స్థాయికి తక్కువైతే కట్టాల్సిందే, ఆ డబ్బు కోసం ఇంకెవరినో వదులుకోవాల్సిందే. చికాగో సంగతి నిజమే, 2010లో జరిగింది. అయితే దానికి తీర్పు ఒక్కటే కారణం కాదు, వివరంగా కింద రాశాను.

నేనుండేది టొరంటోలో. వేసవి వచ్చిందంటే ఆటగాళ్ల ఏజెంట్ల ఆఫీసులకి ఆర్బిట్రేషన్ ఫైళ్లకు కావాల్సిన లెక్కలు తయారుచేయడం నా పని. కొంతకాలం ఒక క్లబ్ వైపు కూర్చుని అవే లెక్కలు తిరగేసి చేశాను కూడా. రెండు వైపులా చూశాక నాకు పడిన అభిప్రాయం ఏమిటంటే, బయట అందరూ తీర్పు రోజు గురించే మాట్లాడతారు గానీ జట్టు అసలు నిర్ణయాలన్నీ జూన్ ఆఖరుకే అయిపోతాయి.

ముందు క్యాప్ గురించి నాలుగు మాటలు

2004-05 సీజన్ మొత్తం లాకౌట్‌లో (జట్ల యజమానులే ఆట ఆపేయడంలో) కొట్టుకుపోయింది, ఒక్క మ్యాచ్ కూడా జరగలేదు. ఆ గొడవ ముగింపుగా వచ్చిందే ఈ క్యాప్. మొదటి ఏడాది 39 మిలియన్ డాలర్లు, అంటే 3.9 కోట్లు. 2019-20 నాటికి 81.5 అయింది. తర్వాత కోవిడ్ దెబ్బకి మూడు సీజన్లు అక్కడే ఆగిపోయింది, ఆ పై రెండేళ్లు ఏడాదికి ఒక్కో మిలియన్ చొప్పున నత్తనడక నడిచింది. 2024-25లో 88, 2025-26లో 95.5, 2026-27కి 104 మిలియన్లు. కింద పరిమితి కూడా ఉంది, 2025-26లో అది 70.6. దానికంటే తక్కువ ఖర్చు పెట్టినా ఒప్పుకోరు.

మనవాళ్లకి ఐపీఎల్ పర్స్ అలవాటు కాబట్టి దానితో పోల్చుకోవడం సహజం. కానీ ఒక పెద్ద తేడా ఉంది. ఐపీఎల్‌లో వేలం రోజు లెక్క చూసుకుంటే దాదాపు పని అయిపోతుంది. ఇక్కడ సీజన్‌లో ప్రతి రోజూ లెక్క కడతారు. ఆటగాడి కాంట్రాక్టు మొత్తాన్ని సంవత్సరాలతో భాగిస్తే వచ్చే సగటే అతని క్యాప్ హిట్. దాన్ని మళ్లీ సీజన్ రోజులతో భాగించి, అతను రోస్టర్‌లో (జట్టు జాబితాలో) ఉన్న ప్రతి రోజుకీ ఒక ముక్క జట్టు ఖాతాలో రాస్తారు.

ఉదాహరణకి సీజన్ 190 రోజులు అనుకోండి. 1.9 మిలియన్ల ఆటగాడు రోజుకి పదివేల డాలర్లు. ఒక జట్టు మొదటి రోజు నుంచీ ఏడాది లెక్కన ఒక మిలియన్ ఖాళీగా ఉంచుకుని, ఇంకా 40 రోజులు మిగిలి ఉండగా ట్రేడ్‌లో (జట్ల మధ్య మార్పిడిలో) ఒక ఆటగాడిని తెచ్చుకుందనుకుందాం. ఆ 40 రోజులకే జీతం పడుతుంది కాబట్టి, అదే ఒక మిలియన్‌తో 4.75 మిలియన్ల క్యాప్ హిట్ ఉన్న ఆటగాడు సరిపోతాడు. అందుకే ఆగస్టు తీర్పులో మూడు నాలుగు లక్షల డాలర్ల తేడా వచ్చినా జనరల్ మేనేజర్ మొహం మాడిపోతుంది. మనకి అది చిల్లరలా కనిపిస్తుంది. అతనికి మాత్రం మార్చిలో రావాల్సిన సెంటర్ ఆటగాడు అక్కడే కళ్ల ముందు పోతున్నాడు.

వేసవిలో మాత్రం క్యాప్ కంటే 10 శాతం పైకి వెళ్లొచ్చు. సీజన్ మొదలయ్యే నాటికి లోపలికి వచ్చేయాలి. రోస్టర్‌లో గరిష్ఠంగా 23 మంది, మ్యాచ్‌కి దిగేది 20 మంది.

ఆర్బిట్రేషన్‌కి ఎవరు వెళ్తారు

కాంట్రాక్టు అయిపోయిన వాళ్లందరూ కాదు. 27 ఏళ్లు నిండినా, లీగ్‌లో ఏడు సీజన్లు లెక్కలోకి వచ్చినా ఆటగాడు పూర్తి ఫ్రీ ఏజెంట్, ఇష్టమొచ్చిన జట్టుకి వెళ్లొచ్చు. అంతకంటే చిన్నవాళ్లు పరిమిత ఫ్రీ ఏజెంట్లు. వాళ్ల హక్కులు పాత జట్టు దగ్గరే ఉంటాయి, వాటిని నిలుపుకోవాలంటే జూన్ ఆఖర్లో జట్టు క్వాలిఫైయింగ్ ఆఫర్ (హక్కులు నిలుపుకోవడానికి చేయాల్సిన కనీస ప్రతిపాదన) పంపాలి. వీళ్లలో కూడా కొంత అనుభవం ఉన్నవాళ్లకే ఆర్బిట్రేషన్ హక్కు. 18 నుంచి 20 ఏళ్ల మధ్య మొదటి కాంట్రాక్టు మీద సంతకం పెట్టినవాడికి నాలుగేళ్ల ప్రొఫెషనల్ అనుభవం కావాలి. 24 దాటాక సంతకం పెట్టినవాడికి ఒక్క ఏడాది చాలు.

ఆటగాడు దరఖాస్తు పెట్టుకోవడానికి గడువు జూలై 5. జూలై 20 ప్రాంతం నుంచి ఆగస్టు మొదటి వారం వరకు విచారణలు. విచారణ అయిన 48 గంటల్లో తీర్పు.

జూలై 5న దరఖాస్తు పడిన క్షణం నుంచీ ఆ ఆటగాడికి వేరే జట్టు ఆఫర్ షీట్ (తన దగ్గరికి రమ్మనే కాంట్రాక్టు) పంపడానికి వీల్లేదు. చాలామంది అభిమానులు ఇది గమనించరు. "మా కుర్రాడు జట్టు మీద కేసు వేశాడు" అని బాధపడతారు గానీ, లోపల జనరల్ మేనేజర్ హాయిగా ఊపిరి పీల్చుకుంటాడు. జీతం ఎంతన్నది తెలియకపోవచ్చు, ఆటగాడు మాత్రం ఎక్కడికీ పోడు.

గదిలో ఏం జరుగుతుంది

బేస్‌బాల్‌లో ఇద్దరిలో ఎవరో ఒకరి అంకెనే ఎంచుకోవాలి. హాకీలో అలా కాదు, ఆర్బిట్రేటర్ మధ్యలో ఎక్కడైనా ఆగొచ్చు. సాధారణంగా మధ్యలోనే ఆగుతాడు కూడా. 2023లో బోస్టన్ గోలీ జెరెమీ స్వేమన్ 4.8 మిలియన్లు అడిగాడు, జట్టు 2 మిలియన్లు అంది, తీర్పు 3.475. అదే వేసవిలో టొరంటో గోలీ ఇల్యా సామ్‌సొనోవ్ అడిగింది 4.9, జట్టు ఇస్తానన్నది 2.4, వచ్చింది 3.55. సగటు వేసి చూడండి, రెండు చోట్లా నడిమధ్యకి కొంచెం పక్కనే.

అలాగని ఆకాశమంత అంకె అడిగేస్తే సగం పైకి జరుగుతుందనుకోకండి. వెనక పోలికలు నిలబడకపోతే ఆర్బిట్రేటర్ ఆ పక్షం మాట పెద్దగా పట్టించుకోడు. ఫైలు మొత్తం ఆ పోలికల మీదే నడుస్తుంది. మేం వాటిని కంపారబుల్స్ అంటాం. నా ఆటగాడి వయసులో, అంతే అనుభవంతో సంతకం పెట్టినప్పుడు ఇంకొకడి గణాంకాలు ఏమిటి, అతనికి ఎంత వచ్చింది? ఉదాహరణకి ఒక వింగర్ (పక్కల నుంచి దాడి చేసే ఆటగాడు) కేసు అనుకోండి. ముందుగా, కొత్త కాంట్రాక్టుకి ముందరి సీజన్ చూస్తాను, దాన్ని ప్లాట్‌ఫామ్ సీజన్ అంటాం. మ్యాచ్‌కి ఎన్ని పాయింట్లు (గోల్స్, గోల్‌కి అందించిన పాస్‌లు కలిపి), అందులో పవర్‌ప్లేలో, అంటే అవతలి జట్టులో ఒకడు శిక్ష మీద బయట ఉన్నప్పుడు, వచ్చినవి ఎన్ని, సగటున ఎన్ని నిమిషాలు మంచు మీద ఉన్నాడు, ఎన్ని మ్యాచ్‌లు గాయాలతో పోయాయి. ఆ తర్వాత పైన ఒకడిని, కింద ఒకడిని వెతుకుతాను. పైవాడికి 4 మిలియన్లు, కిందివాడికి 3 మిలియన్లు అయితే, మావాడు కిందివాడికంటే ఎందుకు మెరుగో నిరూపించడానికే సగం పేజీలు పోతాయి. అవతలి పక్షం సరిగ్గా ఆ కిందివాడినే తీసుకొచ్చి, "మీవాడి పాయింట్లలో పవర్‌ప్లే తీసేస్తే మిగిలేది ఏమిటి?" అంటుంది. ఆ ప్రశ్నకి జవాబు ముందే రాసి పెట్టుకోకపోతే గదిలో గుటకలు మింగాల్సి వస్తుంది.

గదిలోకి రానివ్వనివి కూడా కొన్ని ఉన్నాయి, మీ ప్రశ్నకి అసలు జవాబు అక్కడే ఉంది. క్లబ్ ఆర్థిక పరిస్థితి, క్యాప్‌లో ఉన్న ఖాళీ, అంతకుముందు జరిగిన బేరసారాల్లో ఎవరు ఎంత అన్నారు, పేపర్ కథనాలు, వీడియోలు, కోచ్ పొగడ్తలు, ఇవేవీ చెల్లవు. పూర్తి ఫ్రీ ఏజెంట్‌గా సంతకం పెట్టిన కాంట్రాక్టులు కూడా పోలికకి పనికిరావు. ఫ్రీ ఏజెంట్ల సంతలో జూలై 1న బయట ఎవరికో 6 మిలియన్లు ఇచ్చారని మనం ఎంత మొత్తుకున్నా లాభం లేదు. క్యాప్ గబగబా పెరుగుతున్న ఈ కాలంలో దీనివల్ల ఆటగాళ్లకే నష్టం, ఎందుకంటే చెల్లే పోలికల్లో చాలా భాగం క్యాప్ కదలకుండా ఉన్న రోజులనాటివి. ఏజెంట్లు ఇప్పుడు గది వరకు వెళ్లకుండా బయటే తేల్చుకోవాలని చూడటానికి ఇదొక కారణమని నా అంచనా.

ఇంకో సంగతి. ఆటగాడు అక్కడే కూర్చుని ఇదంతా వినాలి. తన సొంత జట్టు తరఫు లాయరు, తాను ఎందుకు అంత గొప్పవాడు కాదో గంటకి పైగా చెబుతుంటే వినడం మామూలు టెన్షన్ కాదు. తొంభైల్లో ఐలాండర్స్ జట్టు జనరల్ మేనేజర్ మైక్ మిల్‌బరీ మాటలకి గోలీ టామీ సాలో విచారణలోనే కన్నీళ్లు పెట్టుకున్న ఉదంతం ఇప్పటికీ ఈ వృత్తిలో అందరూ చెప్పుకుంటారు. స్వేమన్ కూడా ఆ అనుభవం మళ్లీ వద్దని తర్వాత బాహాటంగానే అన్నాడు. అన్నట్టే 2024లో దరఖాస్తు పెట్టలేదు, శిక్షణ శిబిరం మొత్తం బయట కూర్చున్నాడు. అక్టోబరులో సీజన్ మొదలవబోతుండగా ఎనిమిదేళ్లకి, ఏడాదికి 8.25 మిలియన్ల లెక్కన సంతకం పెట్టాడు.

ఆటగాడే దరఖాస్తు పెడితే తీర్పు ఒక ఏడాదికా రెండేళ్లకా అన్నది క్లబ్ ఎంచుకుంటుంది. స్వేమన్‌కి వచ్చింది ఒక ఏడాది తీర్పు. క్లబ్ వైపు నేను కూర్చుని ఉంటే రెండేళ్లు తీసుకోమనేవాడిని. వయసు 24, ఎదుగుతున్న గోలీ, పైగా క్యాప్ పెరగబోతోందని అందరికీ తెలుసు. కానీ ఆ వేసవిలో బోస్టన్ మెడ మీద ముందు సీజన్ బోనస్‌ల భారం దాదాపు 4.5 మిలియన్లు ఉంది, సీనియర్ సెంటర్లు బెర్జెరాన్, క్రేచీ ఇద్దరూ వెళ్లిపోయారు. రేపటి గురించి ఆలోచించే తీరిక వాళ్లకి లేదేమో.

ఇప్పుడు చికాగో

2010 జూన్‌లో చికాగో బ్లాక్‌హాక్స్ స్టాన్లీ కప్పు గెలిచింది. గోల్‌లో నిలబడింది ఆంటీ నియెమి అనే ఫిన్లాండ్ కుర్రాడు. జూలై ఆఖర్లో ఆర్బిట్రేటర్ అతనికి 2.75 మిలియన్లు వేశాడు. చికాగో ఆ తీర్పుని కాదని వెళ్లిపోయింది, నియెమి ఫ్రీ ఏజెంట్ అయిపోయాడు. దాంతోపాటే మార్టీ టర్కో అనే సీనియర్ గోలీని 1.3 మిలియన్లకి తీసుకున్నారు. తేడా 1.45 మిలియన్లు.

కప్పు గెలిపించినవాడిని అంత చిన్న తేడాకి ఎవరైనా వదులుకుంటారా? వెనక్కి వెళ్లి చూడాలి. 2009 డిసెంబరులోనే జట్టు స్టార్లు కేన్, టేవ్స్ చెరో 6.3 మిలియన్ల కాంట్రాక్టులకి, కీత్ 13 ఏళ్లకి 72 మిలియన్లకి సంతకం పెట్టారు. బ్రయన్ క్యాంప్‌బెల్ అప్పటికే 7.14, హోసా 5.275. ఈ ఐదుగురికే 30 మిలియన్లు దాటింది. 2010-11 క్యాప్ 59.4. దానికి తోడు కప్పు గెలిచిన ఏడాది యువ ఆటగాళ్లకి వచ్చిన బోనస్‌లు క్యాప్ దాటేసి, దాదాపు 4 మిలియన్లు తర్వాతి ఏడాది ఖాతాలోకి వచ్చిపడ్డాయి. ఊరేగింపు సందడి తగ్గకముందే అమ్మకాలు మొదలయ్యాయి. బఫ్లిన్, లాడ్ అట్లాంటాకి, వర్‌స్టీగ్ టొరంటోకి వెళ్లిపోయారు. 5.625 మిలియన్ల గోలీ క్రిస్టొబాల్ యుయే ఏకంగా స్విట్జర్లాండ్ లీగ్‌కి వెళ్లాడు.

ఆ సమయంలో సాన్ హోసే జట్టు చికాగో డిఫెన్స్‌మన్ నిక్లాస్ యాల్మర్సన్‌కి నాలుగేళ్లకి 14 మిలియన్ల ఆఫర్ షీట్ పంపింది. ఆ సీజన్ ప్లేఆఫ్స్‌లో చికాగో చేతిలో 4-0తో ఓడిన జట్టు అదే. చికాగో ముందు రెండే దారులు: అంతే మొత్తం ఇచ్చి ఉంచుకోవాలి, లేదంటే వదులుకుని పరిహారంగా డ్రాఫ్ట్ పిక్‌లు (కొత్త కుర్రాళ్లని ఎంచుకునే వంతులు) తీసుకోవాలి. ఉంచుకుంది. ఏడాదికి 3.5 మిలియన్లు అలా పోయాయి. నియెమి సంగతి అక్కడే తేలిపోయిందని నా లెక్క. విచారణ గదిలోకి అడుగు పెట్టేసరికి గోలీ కోసం మిగిలింది ఒక మిలియన్ చిల్లర మాత్రమే. తీర్పు 2.75 వచ్చినా 2.3 వచ్చినా అతను ఉండేవాడు కాదు.

ఇక్కడ ఒక తమాషా ఉంది. నియెమిని ఎవరు తీసుకున్నారు? సాన్ హోసేనే, ఒక ఏడాదికి 2 మిలియన్లకి. ఆర్బిట్రేటర్ చెప్పినదానికంటే తక్కువకే. కాదని వెళ్లిపోతే ఆటగాడు బాగుపడతాడన్న గ్యారంటీ లేదు. ఆగస్టు వచ్చేసరికి మిగతా జట్లన్నీ డబ్బు ఖర్చు పెట్టేసి ఉంటాయి. అదే వేసవిలో అట్లాంటా, క్లార్క్ మకార్థర్ అనే ఫార్వర్డ్‌కి వచ్చిన 2.4 మిలియన్ల తీర్పుని కాదంది. అతను టొరంటోలో 1.1 మిలియన్లకే చేరి, ఆ సీజన్‌లో 62 పాయింట్లు కొట్టాడు. చికాగోకి మాత్రం కథ అడ్డం తిరగలేదు. టర్కో వెనక బెంచీ మీద ఉన్న కోరీ క్రాఫర్డ్ ఆ ఏడాదే మొదటి గోలీ అయ్యాడు, 2013లోనూ 2015లోనూ కప్పు గెలిచాడు.

ఇప్పుడైతే అలా వదిలేయడం కుదరదు. 2013 ఒప్పందంలో ఆ కాదనే హక్కుకి కింద పరిమితి 3.5 మిలియన్లకి పెంచారు, సగటు జీతంతో పాటు అది ఏటా పెరుగుతోంది. నియెమి 2.75, మకార్థర్ 2.4 ఇవాళ వస్తే జట్టు నోరు మూసుకుని కట్టాలి. 2023లో స్వేమన్ 3.475, సామ్‌సొనోవ్ 3.55 కూడా అప్పటి పరిమితికి కిందే ఉన్నాయి.

అందుకే నిర్ణయం జూన్‌కి జరిగిపోయింది

తీర్పుని కాదనడం కష్టమైనప్పుడు జట్లు ఏం చేస్తాయి? అసలు ఆర్బిట్రేషన్ దాకా రానివ్వవు. జూన్ ఆఖర్లో క్వాలిఫైయింగ్ ఆఫర్ పంపకపోతే చాలు, ఆటగాడు ఫ్రీ ఏజెంట్ అయిపోతాడు, ఆర్బిట్రేటర్ మొహం చూడాల్సిన పని ఉండదు. సామ్‌సొనోవ్ ప్రయాణమే దీనికి పాఠం లాంటిది. 2022లో అతను వాషింగ్టన్‌లో ఉన్నాడు. ఆఫర్ 2 మిలియన్లే, కానీ దాంతోపాటు ఆర్బిట్రేషన్ హక్కు కూడా వస్తుంది, అక్కడ అంకె ఎంత దూరం పోతుందో తెలియదు. వాషింగ్టన్ ఆఫర్ పంపలేదు. టొరంటో 1.8 మిలియన్లకి తీసుకుంది. ఆ ఏడాది బాగా ఆడాడు, 2023లో టొరంటో ఆఫర్ పంపింది, దరఖాస్తు పెట్టాడు, 3.55 గెలిచాడు. అదే ఏడాది డిసెంబరు 31న టొరంటో అతన్ని వేవర్స్‌లో (కావాల్సిన జట్టు ఉచితంగా తీసుకోవచ్చనే జాబితాలో) పెట్టింది, ఏ జట్టూ తీసుకోలేదు. తర్వాత మళ్లీ కోలుకుని ఆడాడు గానీ, 2024లో వెగాస్‌కి వెళ్లింది మళ్లీ 1.8 మిలియన్లకే.

చికాగో కూడా 2022లో డిలన్ స్ట్రోమ్ అనే సెంటర్‌కి ఆఫర్ పంపలేదు. వాషింగ్టన్ తీసుకుంది. 2024-25లో అతను 82 పాయింట్లు కొట్టాడు. అలాంటివాళ్లని చూసినప్పుడల్లా క్లబ్ వైపు వాళ్లకి కడుపు మండుతుంది, కానీ జూన్‌లో ఆ బల్ల దగ్గర కూర్చుంటే అది తేలికైన నిర్ణయం కాదు.

తీర్పు వచ్చి పడితే జట్టు చేతిలో ఏమున్నాయి?

చాలావరకు అందరూ విన్నవే, త్వరగా చెప్పేస్తాను. ఒకరిని మైనర్ లీగ్‌కి పంపొచ్చు, కానీ అతని జీతం మొత్తం క్యాప్ నుంచి పోదు. 2025-26లో గరిష్ఠంగా 1.15 మిలియన్లే తగ్గుతాయి. 4 మిలియన్ల ఆటగాడిని కిందికి పంపినా 2.85 మీ నెత్తి మీదే ఉంటాయి. డ్రాఫ్ట్ పిక్ ఎదురిచ్చి మరీ ఒక కాంట్రాక్టుని వేరే జట్టుకి అంటగట్టొచ్చు. దీర్ఘకాలం గాయపడినవాడు ఉంటే అతని మేరకు క్యాప్ దాటడానికి వెసులుబాటు ఉంది. టొరంటో 2023-24లో 4.69 మిలియన్ల గోలీ మాట్ మరేని అలాగే పక్కన పెట్టింది.

వీటిలో ఎక్కువమందికి తెలియనిది రెండో బైఅవుట్ (కొంత డబ్బు కట్టి కాంట్రాక్టు రద్దు చేసుకోవడం) అవకాశం. మామూలు బైఅవుట్ గడువు జూన్ ఆఖరుకి అయిపోతుంది. కానీ ఆర్బిట్రేషన్ కేసు ఉన్న జట్టుకి, ఆ కేసులు తేలాక 48 గంటల పాటు ఇంకో కిటికీ తెరుచుకుంటుంది. క్యాప్ హిట్ 4 మిలియన్లకి పైబడినవాడినే వదిలించుకోవడానికి వీలుంది, ఆ పరిమితి కూడా పెరుగుతూ ఉంటుంది. 26 దాటినవాడికి మిగిలిన జీతంలో మూడింట రెండు వంతులు, మిగిలిన సంవత్సరాలకి రెట్టింపు కాలం మీద చెల్లిస్తారు. అందుకని ఒక చిన్న ఆటగాడి చిన్న కేసుని క్లబ్ విచారణ దాకా లాగుతుంటే, ఆ కేసే కారణమని అనుకోకండి. ఆ రెండు రోజుల కోసం కూడా లాగుతూ ఉండొచ్చు. పాపం ఆ కుర్రాడికి కూడా తెలియకపోవచ్చు.

మీరు అడగలేదు గానీ ఎలాగూ అడుగుతారు: 2021లో టాంపా క్యాప్‌కి 18 మిలియన్లు పైన ఉండి కప్పు ఎలా గెలిచింది? వాళ్ల స్టార్ ఫార్వర్డ్ కుచెరోవ్ తుంటి ఆపరేషన్ వల్ల రెగ్యులర్ సీజన్ మొత్తం ఆడలేదు, ప్లేఆఫ్స్‌లో క్యాప్ లెక్క ఉండేది కాదు, అప్పుడు దిగాడు. ఆ దారి 2025-26 నుంచి మూసేశారు. ఇప్పుడు ప్లేఆఫ్స్‌లో కూడా ఆ రోజు దిగే 20 మంది క్యాప్ లోపలే ఉండాలి.

జట్టే కేసు వేస్తే?

అది కూడా ఉంది. 2011లో నాష్‌విల్ తన కెప్టెన్ షే వెబర్ మీద తానే ఆర్బిట్రేషన్ కోరింది. జట్టు 4.75 అంది, ఆటగాడు 8.5 అన్నాడు, తీర్పు 7.5 మిలియన్లు, అప్పటికి అది రికార్డు. జట్టు ఓడిపోయిందని అందరూ రాశారు. నేను అలా చూడను. ఆ వేసవి వెబర్‌కి ఎవరూ ఆఫర్ షీట్ పంపలేకపోయారు, ఒక ఏడాది గడిచింది. మరుసటి వేసవి ఆ కవచం లేదు. ఫిలడెల్ఫియా 14 ఏళ్లకి 110 మిలియన్ల షీట్ పంపింది, నాష్‌విల్ కిందామీదా పడి అంతే ఇచ్చి నిలుపుకుంది.

కవచం లేకపోతే ఏమవుతుందో ఎడ్మంటన్ అభిమానులకి నేను చెప్పక్కర్లేదు. 2024 ఫైనల్ ఏడో మ్యాచ్ దాకా వెళ్లి ఓడిన జట్టు, క్యాప్ అంచున నిలబడి ఉంది. ఆగస్టు 13న సెయింట్ లూయిస్ ఒకే రోజు ఎడ్మంటన్ యువ ఆటగాళ్లు బ్రోబర్గ్‌కి 45,80,917 డాలర్లు, హాలోవేకి 22,90,457 డాలర్ల చొప్పున షీట్లు పంపింది. ఆ వింత అంకెలు ఊరికే రాలేదు. పరిహారంగా ఇవ్వాల్సిన డ్రాఫ్ట్ పిక్‌ల మెట్లలో ఒక్కో మెట్టు సరిగ్గా అక్కడ ఆగుతుంది, ఇంకొక్క డాలరు పెంచినా పెద్ద పిక్ ఇవ్వాలి. వారం గడువులో ఎడ్మంటన్ ఇద్దరినీ వదిలేసి ఒక రెండో రౌండ్, ఒక మూడో రౌండ్ పిక్ తీసుకుంది.

నేను చూసిన ఒక కేసు

పేర్లు చెప్పను, అంకెలు కొంచెం మార్చాను. మూడో జంటలో ఆడే డిఫెన్స్‌మన్, మేం ఆటగాడి వైపు. మా ఫైలులో 3.1, వాళ్ల ఫైలులో 2.2. పోలికలు మావే బలంగా ఉన్నాయి, విచారణ జరిగితే 2.7 దాటుతుందని మా నమ్మకం. విచారణ ముందు రోజు రాత్రి క్లబ్ నుంచి ఫోన్: రెండేళ్లకి 2.55, ఇక పెంచేది లేదు. ఏజెంట్ ఒప్పుకోవద్దన్నాడు. నేను ఆ జట్టు రోస్టర్ తీసి కాగితం మీద వేసి చూశాను. 2.6 దాటితే 22వ ఆటగాడికి కనీస జీతం కూడా మిగలదు, 21 మందితో సీజన్ మొదలుపెట్టాలి. అప్పుడు మొదట తగ్గేది ఎవరి నిమిషాలు, మొదట ట్రేడ్ అయ్యేది ఎవరు? మావాడే. క్యాప్ సంగతి ఆర్బిట్రేటర్‌కి చెప్పకూడదు గానీ, మేం చూసుకోవడానికి అడ్డేమీ లేదు కదా. ఆటగాడికి ఆ కాగితం చూపించాం. వాళ్లావిడ అప్పటికే పిల్లల్ని అక్కడి స్కూల్లో వేసింది. "సరే, పెట్టేద్దాం" అన్నాడు. అర్ధరాత్రి దాటాక సంతకం అయింది.

ఇప్పటి నిబంధనల్లో ఆ రాత్రే ఆఖరి అవకాశం. విచారణ మొదలయ్యాక ఇద్దరూ రాజీకి రాకూడదు, తీర్పు కోసం ఆగాల్సిందే. 2014లో మాంట్రియల్, దాని డిఫెన్స్‌మన్ సుబ్బాన్ కేసులో విచారణ పూర్తయ్యాక, తీర్పు రాకముందే ఎనిమిదేళ్లకి 72 మిలియన్ల ఒప్పందం కుదుర్చుకున్నారు. ఇప్పుడు అది కుదరదు. కాబట్టి వార్తల్లో "విచారణ ముందు రోజు ఒప్పందం" అని పదే పదే కనిపిస్తే ఆశ్చర్యపోకండి, దరఖాస్తు పెట్టినవాళ్లలో ఎక్కువమంది కథ అలాగే ముగుస్తుంది.

ఆఖరుగా మీరు మీ జట్టు లెక్క చూసుకోవాలంటే ఒక మాట. క్యాప్‌ఫ్రెండ్లీ సైట్‌ని వాషింగ్టన్ జట్టు కొనేసి 2024 జూలైలో మూసేసింది, ఇప్పుడు చాలామంది పక్‌పీడియా చూస్తున్నారు. జూలైలో ఇలాంటి సైట్లలో కనిపించే మిగులు చూసి సంబరపడొద్దు. సంతకం కాని ఆర్బిట్రేషన్ ఆటగాళ్ల కొత్త జీతం అందులో ఉండదు. రెండు పక్షాల అంకెలు బయటికి వస్తే నడిమి అంకె తీసుకోండి, దాన్ని ఆ మిగులులోంచి తీసేయండి, రోస్టర్‌లో 22 మంది అయ్యేదాకా తలా ఒక కనీస జీతం (2025-26లో 7,75,000 డాలర్లు) కూడా తీసేయండి. ఆ తర్వాత కూడా మైనస్ రాకపోతే మీ జట్టు ఆగస్టులో ఎవరినీ అమ్మదు. మైనస్ వస్తే, రోస్టర్‌లో 3 నుంచి 5 మిలియన్ల మధ్య, 30 దాటిన వింగర్ ఎవరున్నారో చూడండి. ముందు అతని పేరే వినిపిస్తుంది.